మార్కులు తక్కువ, డౌట్లు ఎక్కువ

నేను రిటైరై పద్నాలుగు నెలలైంది. యాభై ఎనిమిదేళ్ళకే మానేశానంటే అది నా మోకాళ్ళ నిర్ణయం; నన్నెవరూ అడగలేదు. ఈ పద్నాలుగు నెలల్లో, మేం కొత్తగా మారిన లండన్ శివారు హారో ఇంట్లో పాడైన వస్తువులన్నీ బాగుచేశాను. అవి అయిపోయాక బాగున్న వస్తువుల మీద పడ్డాను. మూడోసారి కెటిల్ విప్పుతుంటే మా ఆవిడ శారద దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని, బదులుగా ఒక నోటుపుస్తకం పెట్టింది.

"శనివారం శనివారం ఇంటికొచ్చే పిల్లలకి చెప్పిందే చెబుతున్నారుగా. అదేదో రాసిపెట్టండి. నా కెటిల్ బతుకుతుంది," అంది.

కాబట్టి ఇది ఒక కెటిల్ ప్రాణం కాపాడటం కోసం రాస్తున్నది.

ఆ పిల్లలంటే కుర్ర డాక్టర్లు. సగం వైద్యం, సగం పరిశోధన చేసే శిక్షణలో చేరాలనుకునేవాళ్ళు. గుమ్మంలో బూట్లు విప్పకముందే ముఖాలు వేలాడేసి ఒకటే మాట: "అంకుల్, ఎంట్రన్స్‌లో స్కోర్ బాగా తక్కువొచ్చింది. ఇంక నా పని అయిపోయినట్టేనా?"

అప్పుడు నా స్కోరు చెబుతాను. ఏడుస్తూ వచ్చినవాళ్ళు నవ్వుతూ రెండో బిస్కెట్ తీసుకుంటారు.

అసలీ ఉద్యోగం ఏమిటంటే

లీడ్స్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. వారంలో సగం కిడ్నీలు పాడైన మనుషుల దగ్గర, మిగతా సగం ఆ కిడ్నీలు ఎందుకు పాడయ్యాయో ఎంత అడిగినా చెప్పని ఎలుకల దగ్గర. వార్డులో వాళ్ళు నన్ను "సైంటిస్టు గారు" అనేవాళ్ళు. అంటే నాకు సూది గుచ్చడం రాదని అర్థం. ల్యాబులో వాళ్ళు "డాక్టరు గారు" అనేవాళ్ళు. అంటే గాజుసామాను కడగడని అర్థం. రెండుచోట్లా నా టీకప్పు ఎప్పుడూ మాయమయ్యేది.

ఈ పనిలో తెలివితేటలు కావాలని బయట అనుకుంటారు. కావాలి, కాదనను. కానీ అంతకన్నా కావలసింది తప్పని తేలినప్పుడు మర్నాడు మళ్ళీ పనికి రాగలిగే గుణం. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను ఊహించింది ఊహించినట్టు నిజమైన రోజుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండో చెయ్యి జేబులోనే ఉంచుకోవచ్చు. అయినా మళ్ళీ పుడితే ఈ పనే చేస్తాను. ఈసారి మాత్రం కప్పుకు గొలుసు వేస్తాను.

నా స్కోరు, మా అమ్మమ్మ మరణం

నేను తెనాలి నుంచి వచ్చి జూనియర్ డాక్టరుగా రెండేళ్ళు చేశాక ఈ శిక్షణకు అప్లై చేశాను. దానికి వాళ్ళే సొంతంగా ఒక ప్రవేశ పరీక్ష పెట్టుకున్నారు. మొదటి భాగంలో వరుసగా బొమ్మలిచ్చి, తర్వాతి బొమ్మ ఏదో చెప్పమన్నారు. నాకు అన్నింట్లోనూ కిడ్నీలే కనిపించాయి. రెండో భాగంలో బుద్ధి పరీక్ష. "మీ సీనియర్ డాక్టరు రోగికి తప్పు మందు రాశారు. కింది ఐదు పనులను మీరు చేసే వరుసలో పెట్టండి." ఆ ఐదింట్లో పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి ఒక్కదానికీ లేదు. అందుకని ఆరోది నేనే మార్జిన్‌లో రాశాను: "ఆయన టీ తాగేదాకా ఆగి, పక్కకు పిలిచి, పొరపాటు నాదేమో అన్నట్టు అడగవలెను."

వందమంది రాస్తే నా కింద ఇద్దరున్నారు. ఒకతను మధ్యలో కడుపునొప్పితో లేచి వెళ్ళిపోయాడు. రెండో అతను అసలు రాలేదని నా అనుమానం.

అప్లికేషన్‌లో ఒక గడి ఉండేది: మీ స్కోరు మీద ప్రభావం చూపిన పరిస్థితులేమైనా ఉంటే రాయండి. గడి అగ్గిపెట్టంత ఉంటే నేను అదనపు కాగితాలు కుట్టి మరీ రాశాను. అందులో మా అమ్మమ్మను చంపేశాను. ఆ సమయానికి ఆవిడ తెనాలిలో వీధి వీధంతటినీ అష్టాచెమ్మాలో ఓడిస్తోంది.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఎందుకు పిలిచారో నాకు అప్పట్లో తెలియదు. ఆ ప్రోగ్రాం నడిపే ఆవిడ, ప్రొఫెసర్ హెబుల్‌థ్వైట్, ప్రతి అప్లికేషనూ తనే చదివేవారు, స్కోరు చివర చూసేవారు. ఆ పేరు సరిగ్గా పలకడానికి నాకు ఆరు నెలలు పట్టింది. రెండు పళ్ళు కదిలాయి. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, మార్కెట్లో కూరగాయలు బేరమాడే మనిషిలా ఉండేవారు.

కూర్చోగానే ఆవిడ అన్నారు: "మీ అమ్మమ్మ గారి సంగతి చదివి బాధపడ్డాను."

"థాంక్యూ మేడమ్. ఆవిడ చాలా... హఠాత్తుగా..." అన్నాను. నా చెవులు కాలిపోయాయి.

తర్వాత ఆవిడ తన గ్రాఫు ఒకటి నా ముందు పెట్టి, అర్థమైనంతవరకు వివరించమన్నారు. జబ్బు చేసిన ఎలుకలకు మందు ఇచ్చారు; మందు ఇచ్చిన రోజు దగ్గర చిన్న బాణం గుర్తు. ఏదో వివరించాను. చివర్లో "ఏమైనా అడగాలా?" అన్నారు.

ఇక్కడ నాలాంటివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు చేశాను. మన క్లాసుల్లో డౌట్ అంటే ఏమిటి? చెయ్యెత్తి "సార్, డౌట్!" అంటాం. అంటే నాకు అర్థం కాలేదు, దయచేసి మళ్ళీ చెప్పండి అని. అంతకన్నా వినయమైన మాట మన దగ్గర లేదు. ఆ వినయంతోనే చేతులు కట్టుకుని, ఇంగ్లీషులో, "నాకొక చిన్న డౌట్ ఉంది మేడమ్, మీ గ్రాఫు మీద," అన్నాను.

గది చల్లబడింది. పక్కనున్న ఇద్దరు పెద్దమనుషులు పెన్నులు కింద పెట్టారు. ఇంగ్లీషువాళ్ళ డౌట్ అంటే 'నేను నమ్మను' అని నాకేం తెలుసు?

ఆవిడ కళ్ళజోడు తీశారు. "నువ్వు దీన్ని డౌట్ చేస్తున్నావా?"

"అవును మేడమ్. చిన్న డౌటే."

"చెప్పు."

"మందు మూడో రోజు ఇచ్చినట్టు బాణం ఉంది మేడమ్. ఎలుకలు ఒకటో రోజు నుంచే కోలుకుంటున్నాయి. అదెట్లా?"

ఆవిడ గ్రాఫును దగ్గరికి లాక్కుని బాణాన్ని చూశారు. లేచి వెళ్ళిపోయారు. ఆ ఇద్దరు పెద్దమనుషులూ నన్ను ఉరికంబం దగ్గరి ఖైదీని చూసినట్టు చూశారు. ఒకాయన నీళ్ళు ఇచ్చాడు. పది నిమిషాల తర్వాత ఆవిడ పాత నోటుబుక్కు ఒకటి తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టారు. మందు ఇచ్చింది ఒకటో రోజే. బాణం తప్పు చోట అంటించారు. అంటించింది ఆవిడే. ఆ బాణంతోనే గ్రాఫు అచ్చయింది, దేశదేశాల సభల్లో తెర మీద ఊరేగింది. ఒక్కరూ అడగలేదు.

"నీ స్కోరు చూశాను. ఘోరం," అన్నారు ఆవిడ. "ఆగస్టులో చేరు."

చేరిన ఆరు నెలలకు డౌట్ అనే మాటకు ఇక్కడ అర్థమేమిటో తెలిసి చెమటలు పట్టాయి. వెళ్ళి ఒప్పేసుకున్నాను. "మేడమ్, ఆరోజు నేను మిమ్మల్ని శంకించలేదు. నిజంగా అర్థం కాకే అడిగాను." పనిలో పనిగా అమ్మమ్మ బతికే ఉందని కూడా చెప్పేశాను.

ఆవిడ నవ్వలేదు. "అర్థం కానిదాన్ని అర్థం కాలేదని పైకి అనడమే ఈ ఉద్యోగం. ఆ గదికి వచ్చినవాళ్ళలో చాలామందికి అర్థం కాలేదు, కాకపోయినా తలూపారు," అన్నారు. తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచారు. "మీ అమ్మమ్మను అడిగానని చెప్పు. నీ ఫైలు మొత్తంలో కోలుకున్న పేషెంటు ఆవిడొక్కతే."

పదకొండేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను. నా రాతలు ఎర్రసిరాలో స్నానం చేసి తిరిగొచ్చేవి. బాగుందని ఒక్కసారీ అనలేదు. ఒకే ఒక్కసారి "నాట్ బ్యాడ్" అన్నారు. ఆ సాయంత్రం శారద పాయసం చేసింది. లీడ్స్ ఉన్న ఆ యార్క్‌షైర్ ప్రాంతంలో అంతకు మించిన బిరుదు లేదు. ఈ రోజు నేను తింటున్న ప్రతి ముద్దలోనూ ఆవిడ వాటా ఉంది.

నేను గీసిన గీత

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నవ్వించి తప్పించుకోవచ్చు గానీ, అలా చేస్తే ఈ నోటుపుస్తకం కన్నా కెటిలే నయం.

హెబుల్‌థ్వైట్ గారు రిటైరయ్యాక నేనూ ఆ ఎంపిక ప్యానెల్‌లోకి వచ్చాను. అప్లికేషన్లు ఏటేటా పెరిగాయి. ప్రోగ్రాం ఆఫీసు నడిపే బ్రెండా వాటిని ట్రాలీలో తోసుకొచ్చేది. బ్రెండా అందరినీ "లవ్" అని పిలుస్తుంది. మొదటిరోజు నన్నూ అలా పిలిస్తే, శారదకు ఎలా చెప్పాలా అని వారం రోజులు నిద్రపోలేదు. ఒక ఏడు ట్రాలీ తలుపులో ఇరుక్కుపోయింది. ఆ మీటింగులో ఎవరో అన్నారు: పరీక్ష స్కోరుకు ఒక గీత గీద్దాం, గీత కింద ఉన్నవి చదవొద్దు.

ముందు చెయ్యెత్తింది నేనే. గీత ఎక్కడుండాలో చెప్పిందీ నేనే.

బ్రెండా నోట్సు రాసుకుంటూ తలెత్తకుండానే అంది: "లవ్, ఈ లెక్కన నిన్ను మనం తీసుకునేవాళ్ళం కాదుగా."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను.

ఆ ఏడే మెర్సీ అప్లై చేసింది. మెర్సీ మా డయాలసిస్ యూనిట్‌లో సీనియర్ నర్సు సుగుణ సిస్టర్ కూతురు. సుగుణ సిస్టర్‌ది చీరాల. పిల్లకు పదేళ్ళప్పుడు తీసుకొచ్చి లీడ్స్‌లో పెంచింది. ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా ఆరు రోజులూ మా కన్సల్టెంట్లందరినీ అదిలిస్తుంది. మెర్సీ అప్పటికి జూనియర్ డాక్టర్. అప్పటికి కొత్త రూలొచ్చింది: చదువు పూర్తయ్యాక రెండేళ్ళలోపే అప్లై చేయాలి. అంటే ఎవరికైనా రెండే అవకాశాలు. తెలిసినవాళ్ళ పిల్ల కాబట్టి ఆమె పేరు వచ్చినప్పుడు నేను ప్యానెల్ నుంచి తప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ అవసరమే రాలేదు. ఆమె స్కోరు గీతకు కిందుంది. అప్లికేషన్ ఎవరూ తెరవలేదు.

మర్నాడు వార్డులో సుగుణ సిస్టర్ ఒక పెద్దాయనకు డయాలసిస్ పెడుతోంది.

"ఏంది సార్, మా పిల్లదాని కాయితం చదవనే లేదంట?"

"రూలు, సిస్టర్. స్కోరు ఒక గీత దాటాలి."

"యెవురు పెట్టారు సార్ ఆ రూలు?"

ఆ క్షణంలో కమిటీ అనొచ్చు, యూనివర్సిటీ అనొచ్చు, బ్రిటిష్ ప్రభుత్వం అనొచ్చు. "నేనే," అన్నాను.

ఆమె ట్యూబు బిగించి, మిషను చూసి, నా వైపు చూడకుండా అంది: "సరే గానీ, కాస్త పక్కకి జరగండి సార్. పైపు తొక్కతన్నారు."

ఆ మాటతో నా ఎత్తు రెండంగుళాలు తగ్గింది. ఇప్పటికీ తిరిగి రాలేదు. ఇంటికెళ్ళి పెట్టె అడుగు నుంచి నా పాత స్కోరు కాగితం తీశాను. తర్వాతి మీటింగులో దాన్ని బల్ల మీద పరిచి, గీత తీసేయమని అడిగాను. మా ప్యానెల్ అధ్యక్షురాలు ఫియోనా ఆ కాగితం చదివి, "దేవుడా," అంది. నా ముఖం చూసి, "నిజంగానా?" అంది. గీత పోయింది. ఇక నుంచి ప్రతి అప్లికేషనూ ఇద్దరు చదవాలి. పని రెట్టింపైనందుకు ఫియోనా నాతో మూడు వారాలు మాట్లాడలేదు. కానీ మెర్సీకి రెండు అవకాశాల్లో ఒకటి నా చేత్తో నేనే తీసేశాను. మిగిలింది ఒకటి.

కుక్క, మేము, డౌట్

తర్వాతి ఏడు ప్యానెల్ నుంచి పూర్తిగా తప్పుకుంటానని ముందే రాసిచ్చాను. కారణం కూడా రాశాను: ఈ అమ్మాయికి నేను సాయం చేయబోతున్నాను. అందుకని ఇంటర్వ్యూలో ఏం అడగబోతున్నారో, ఏ పేపరు చదివించబోతున్నారో నాకు తెలియనివ్వలేదు. మంచిదే.

మెర్సీ మళ్ళీ పరీక్ష రాసింది. స్కోరు కొంచెం పెరిగింది, పొట్టివాడు మునివేళ్ళ మీద నిలబడ్డంత. అప్లికేషన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. స్కోరు గురించి ఒక పేజీ నిండా రాసింది. వాళ్ళ ఫ్లాట్‌లో చెమ్మ, అమ్మ డ్యూటీల రోటా, పక్కింటి కుక్క.

"ఇదంతా కొట్టేయ్," అన్నాను.

"బట్ ఇట్స్ ట్రూ, అంకుల్! ఆ కుక్క సీరియస్‌గా రాత్రంతా అరుస్తది."

"నిజమేనమ్మా. కానీ ఇది చదివాక వాళ్ళకి గుర్తుండేది కుక్క. సీటు కుక్కకిస్తారు. అసలు స్కోరు ఎందుకు తగ్గింది? నాకు చెప్పు."

ఆమె గోళ్ళు చూసుకుంది. "నేను స్లోగా చదువుతానంకుల్. ప్రతిదీ త్రీ టైమ్స్ చదివితే గానీ ఆన్సర్ పెట్టలేను. లాస్ట్ క్వార్టర్ పేపర్‌కి రీచ్ అవ్వనేలేదు."

"అదే రాయి. రెండు వాక్యాలు. మాఫీ అడగొద్దు."

తర్వాతి పేజీలో తన పరిశోధన గురించి రాసింది. ప్రతి వాక్యంలోనూ 'మేము'. మేము కొలిచాం, మేము కనుగొన్నాం.

"ఈ మేములో నువ్వెక్కడున్నావు? ఎవరు కొలిచారు?"

"నేనే."

"మరి?"

"నేను నేను అంటే షో ఆఫ్ లాగా ఉంటది. మమ్మీ తిడుతది."

"ప్యానెల్‌లో మీ మమ్మీ లేదు. ఉంటే అసలు నాలాంటివాడికి ఉద్యోగమే వచ్చేది కాదు. 'నేను' అని రాయి."

వెళ్ళేముందు నా గొప్ప అనుభవాన్నంతా రంగరించి ఒక సలహా ఇచ్చాను. "ఇంటర్వ్యూలో డౌట్ అనే మాట వాడకు. క్వశ్చన్ అను. మన డౌట్ వేరు, వాళ్ళ డౌట్ వేరు."

మెర్సీ బూటు లేసు కట్టుకుంటూ నవ్వింది. "నాకు రెండూ తెలుసంకుల్. ఇంట్లో మమ్మీది, బయట వాళ్ళది."

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. తక్కువ స్కోరు గొప్పతనానికి రుజువు కాదు. నేను చూసిన తక్కువ స్కోర్లలో చాలా వాటికి కారణం చదవకపోవడమే. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్ళలో నాకన్నా వందరెట్లు మేలైనవాళ్ళని చూశాను, వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. మళ్ళీ రాసే వీలుంటే రాయండి. స్కోరు మీ గురించి ఒక సంగతి చెబుతుంది. మిగతా సంగతులు మీరే చెప్పాలి, దాచకుండా, ఊది పెద్దది చేయకుండా. ఊదడం గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అదెందుకో ఇప్పుడు చెబుతాను.

కారిడార్లో

ఇంటర్వ్యూల రోజు ప్యానెల్ నుంచి తప్పుకున్నవాడికి ఆ అంతస్తులో పనేమీ ఉండదు. అందుకని కల్పించుకున్నాను. ప్రింటరులో కాగితాలు సర్దాను. సర్దిన కాగితాలు తీసి మళ్ళీ సర్దాను. బ్రెండా నన్ను చూసి, "లవ్, ఆ కుర్చీలో కూర్చో. నువ్వు నా కార్పెట్ అరగదీస్తున్నావు," అంది. మెర్సీ లోపలికి వెళ్ళి అరగంటైంది. వాళ్ళమ్మ వార్డులో డ్యూటీలో ఉంది. పది నిమిషాలకోసారి ఫోన్‌లో ఒక ప్రశ్న గుర్తు పంపుతోంది. మాటలు లేవు, ఉత్త ప్రశ్న గుర్తు.

తలుపు తెరుచుకుంది. ఫియోనా బయటికొచ్చింది. చేతిలో ఒక పేపరు. దూరం నుంచే గుర్తుపట్టాను. అది నాది. అభ్యర్థులందరికీ ఆ ఏడు ఇచ్చింది నా పేపరే. ఒక మందు కిడ్నీ జబ్బును ఎంత బాగా ఆపుతుందో చెప్పే పేపరు. నాకు కాస్త పేరు తెచ్చింది.

"నీ మూడో బొమ్మలో ఎంతమంది పేషెంట్లు?" అంది ఫియోనా.

"నలభై. రాశాను కదా."

"నలభై అని రాశావు. ఒక్కో పేషెంటుకి ఒక్కో చుక్క పెట్టావు. లోపలున్న అమ్మాయి చుక్కలు లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగట. ఇప్పుడు మేం నలుగురం లెక్కపెట్టాం. ముప్ఫై నాలుగే."

నా నోట వచ్చిన మొదటి మాట సైన్సుకు సంబంధించింది కాదు. "ఆ అమ్మాయి క్వశ్చన్ అందా, డౌట్ అందా?"

"డౌట్ అంది. ఎందుకు?"

నేను కింద నా గదికి పరిగెత్తాను. మూడంతస్తులు. లీడ్స్ నగర చరిత్రలో ఆ మెట్ల మీద అంత బరువు అంత వేగంగా ఎన్నడూ కదల్లేదు. "నువ్వు పరిగెత్తగలవని నాకు తెలీదు, లవ్!" అని బ్రెండా వెనక నుంచి అరిచింది.

నా కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచాను. మొదటి షీటులో ముప్ఫై నాలుగు పేర్లు. కింద చూస్తే రెండో షీటు ఉంది. అందులో ఆరుగురు. మందు పడక మధ్యలో మానేసినవాళ్ళు. బొమ్మ గీసేటప్పుడు నేను రెండో షీటు తెరవలేదు. కావాలని కాదు; కానీ మొదటి షీటుతోనే గ్రాఫు అంత అందంగా వస్తే రెండో షీటు వైపు ఎవరి వేలు పోతుంది? ఆ ఆరుగురినీ కలిపి లెక్కవేశాను. మందు పనిచేస్తుంది. నేను చాటినంత కాదు, అందులో సగం.

ఆ కుర్చీలో కూర్చుని ఒక సంగతి గ్రహించాను. జీవితమంతా నేను గోరంతని కొండంత చేసి చెప్పినవాడినే, ఇప్పుడూ చేస్తున్నాను. అది మాటల్లో ఉంటే జనం నవ్వుతారు. గ్రాఫులో ఉంటే రోగులు మింగుతారు.

పైకెళ్ళి ఫియోనాతో, "ఆ అమ్మాయి చెప్పింది నిజం. దిద్దుబాటు అచ్చు వేయిస్తాను," అన్నాను. అప్పటికి మెర్సీ వెళ్ళిపోయింది.

బస్సు స్టాపులో పట్టుకున్నాను. వాన చినుకులు. నన్ను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"సారీ, అంకుల్."

"ఎందుకు?"

"ఐ యామ్ నాట్ బీయింగ్ ఫన్నీ, కానీ... అది మీ పేపరని పేరు చూడగానే తెలిసింది. ఇది నా లాస్ట్ చాన్స్. అడక్కుండా ఊరుకుంటే నీట్‌గా అయిపోయేది. అడిగితే మీకు ఇబ్బంది, మమ్మీకి మీతో వర్క్..."

"మరి ఎందుకడిగావు?"

"త్రీ టైమ్స్ లెక్కపెట్టానంకుల్. ప్రతిసారీ థర్టీ ఫోరే వచ్చింది." కళ్ళు తుడుచుకుంది. "స్కోర్ గురించి కూడా అడిగారు. దాన్ని మీరు ఇగ్నోర్ చెయ్యక్కర్లేదు, నేను నిజంగానే స్లో అన్నా. ఐ బ్లూ ఇట్, మొత్తం చెడగొట్టుకున్నా కదా?"

ఆ ఏడు నేను ప్యానెల్ మనిషిని కాను, ఏమీ చెప్పలేను. "నాట్ బ్యాడ్," అన్నాను. లీడ్స్‌లో పెరిగిన పిల్ల కదా, దాని విలువ ఆమెకు తెలుసు. బస్సు ఎక్కుతూ ఏడుస్తూనే నవ్వింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. సీటు వచ్చింది. ఆ మధ్యాహ్నం సుగుణ సిస్టర్ స్టాఫ్‌రూముకి డబ్బా నిండా అరిసెలు తెచ్చి అందరికీ పంచింది. నా వంతు ఇస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"ఆ ఆరుగురూ వాంతులని మానేసినోళ్ళే గదా సార్? ఆ రెండో షీటు అప్పట్లో నేనే రాసిచ్చా మీకు."

"అవును సిస్టర్. నేను తెరవలేదు."

"తెరిస్తే బాగుండేది."

"అవును."

"తినండి సార్, మెత్తగా ఉన్నయ్," అంది. ఆ రోజు నాకు రెండు అరిసెలు ఇచ్చింది, ఫియోనాకు ఒకటే. క్షమించడానికి ఇంతకన్నా స్పష్టమైన పద్ధతి నేనింకా చూడలేదు.

మేకులు

హెబుల్‌థ్వైట్ గారు రిటైరైన రోజు తన తప్పు బాణం గ్రాఫును ఫ్రేము కట్టించి నాకు ఇచ్చారు. ఏమీ రాయలేదు దాని మీద. ల్యాబులో పెద్ద ఫ్రీజరు పైన మేకు కొట్టి తగిలించాను. నా దిద్దుబాటు అచ్చయిన రోజు, ముప్ఫై నాలుగు చుక్కల నా గ్రాఫునూ ఫ్రేము కట్టించి పక్కన తగిలించాను. దిద్దుబాటు నాలుగే వరుసలు. నేను రాసినవాటిలో పొడవు తక్కువ, ఊదుడు అసలే లేనిది అదే. ఆ తర్వాత ఆ మందు రాసే డాక్టర్లు వాంతులవుతున్నాయేమో ముందు అడగడం మొదలుపెట్టారు.

నేను వెళ్ళిపోయిన రోజు ల్యాబులో టీ ఏర్పాటు చేశారు. బ్రెండా కేకు కోసి, "ఇంక ఎవరు నా ప్రింటరు పాడుచేస్తారు, లవ్?" అని ముక్కు చీదుకుంది. నన్ను త్వరగా ఇంటికి తీసుకెళ్ళమని ఎవరూ అడగకపోయినా శారద నా కోటు పట్టుకుని నిలబడింది. మెర్సీ ఇప్పుడు జూనియర్ కాదు, కన్సల్టెంట్. ఆ ల్యాబులో సగం ఆమెదే, ఆ ఏడు నుంచి ఎంపిక ప్యానెల్‌లో కుర్చీ కూడా. ఇప్పటికీ ప్రతి అప్లికేషనూ మూడుసార్లు చదువుతుందట. బ్రెండా ఫిర్యాదు.

ఆ రెండు ఫ్రేములూ ఇంటికి తీసుకెళ్ళమంటారేమోనని నేను స్టూలు మీదకెక్కాను. అప్పుడు చూశాను. నా గ్రాఫు పక్కన ఇంకో మేకు ఉంది. కొత్తది, మెరుస్తోంది. దానికి ఏమీ తగిలించి లేదు.

"ఇదేమిటమ్మా?"

మెర్సీ స్టూలు పట్టుకుని కిందనుంచి తలెత్తి చూసింది.

"అది నాదంకుల్. ముందే కొట్టిపెట్టుకున్నా. ఎవరో ఒకరు వస్తారుగా, డౌట్ ఉందంటూ."

ఫ్రేములు అక్కడే వదిలేసి కిందికి దిగాను.